ఒక్క కారణం చాలునా?

నవలల్లో తాగుబోతు పాత్రను ఎలా చదవాలన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. పాత్ర చేతిలోని సీసా అతని కుంగుబాటుకు ప్రతీక అని ఒక పక్షం. జబ్బును ప్రతీక చేస్తే జబ్బుపడిన మనిషి కనబడకుండా పోతాడని మరో పక్షం. తాగుడును పాపంగానో పేదరికపు శాపంగానో చూపిన పందొమ్మిదో శతాబ్దపు కథలు అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. ఈ తగవుకు ముడి పడింది 1944, 1945లలో.

1944లో అమెరికన్ రచయిత చార్లెస్ జాక్సన్ నవల 'ద లాస్ట్ వీకెండ్' వచ్చింది. అందులో డాన్ బర్నమ్ రోజుల తరబడి తాగుతూనే ఉంటాడు. ఎందుకంటే ఒక్క ముక్కలో జవాబు దొరకదు. రాయలేకపోయిన పుస్తకాలున్నాయి, మగవాళ్ల మీద తనకున్న ఆకర్షణను ఒప్పుకోలేని భయం ఉంది, ఇవేవీ లేకున్నా తాగేవాడేమో అన్న అనుమానమూ ఉంది. చివరికి అతను మారడు. ఇంత గొడవ ఎందుకు చేశారో అనుకుంటూ పడుకుంటాడు.

మరుసటి ఏడాది ఆ నవల ఆధారంగా బిల్లీ వైల్డర్ తీసిన సినిమాలో ఆ ఆకర్షణ ఊసే లేదు. కలం కదలని రచయిత మాత్రం మిగిలాడు. ఆఖరున సిగరెట్టును విస్కీ గ్లాసులో పడేసి, తన కథ తానే రాయడానికి పూనుకుంటాడు. ఉత్తమ చిత్రంతో కలిపి 4 ఆస్కార్లు వచ్చాయి. తాగుడు అక్కడ పొడుపుకథ అయింది: లోపలి దుఃఖమేదో కనిపెడితే సీసా దానంతట అదే జారిపోతుంది.

ప్రతీక లేని కథ ఆస్పత్రి కాగితంలా ఉంటుందని మొదటి పక్షం వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే రోగాన్ని రూపకం చేయడం రోగికే చేటని అమెరికన్ రచయిత్రి సూజన్ సాంటాగ్ 1978లోనే క్షయ, క్యాన్సర్ల విషయంలో వాదించింది. నవలాకారుడు విలియం స్టైరన్ సొంత అనుభవం ఇంకా సూటిగా తగులుతుంది. 1985లో ఆయన మద్యం మానేశాకే కుంగుబాటు విరుచుకుపడింది. దశాబ్దాలుగా ఆ మద్యమే దాన్ని ఆపి ఉంచిందని 1990లో వచ్చిన పుస్తకంలో ఆయన తలపోశాడు. సీసా ఆయన దుఃఖాన్ని చాటలేదు, కప్పింది.

జాక్సన్ తన నవలను చుక్క ముట్టకుండా ఉన్న కాలంలోనే రాశాడు. పుస్తకానికి పేరొచ్చిన కొన్నేళ్లకు మళ్లీ తాగుడులో పడ్డాడు.