హుద్‌హుద్ నేర్పిన దూరం: కంప్యూటర్ సమాచారానికి నకళ్ల చరిత్ర

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటిన తరువాత నగరంలో విద్యుత్తు, ఫోన్ సేవలు రోజుల తరబడి నిలిచిపోయాయి. కార్యాలయంలోనే దాచుకున్న బ్యాకప్ అసలు కంప్యూటరుతో పాటే తడిసిపోయే ప్రమాదంలో పడగా, ఇంటర్నెట్‌లో దాచుకున్నది క్షేమంగా ఉన్నా చేతికి అందలేదు. నకలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న కంప్యూటర్లంత పాతదే అయినా, తీరప్రాంత నగరానికి అది ఆ వారంలో ప్రత్యక్షంగా ఎదురైంది.

1951లో యూనివాక్, మరుసటి ఏడాది ఐబీఎం అయస్కాంత టేపును కంప్యూటర్లకు జోడించాయి. టేపు చుట్టను తీసి వేరే భవనానికి తరలించవచ్చు కనుక, నకలును అసలుకు దూరంగా ఉంచడం వీలైంది. మొత్తం సమాచారాన్ని రోజూ టేపుకు ఎక్కించడానికి చాలా సమయం పట్టేది కాబట్టి, వారానికి ఒకసారి పూర్తి ప్రతి తీసి, మిగతా రోజుల్లో మారిన భాగాన్ని మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందులో టేపూ సమయమూ ఆదా అవుతాయి గానీ, సమాచారాన్ని తిరిగి రాబట్టవలసి వచ్చినప్పుడు పూర్తి ప్రతితో మొదలుపెట్టి రోజువారీ టేపులన్నింటినీ వరుసగా ఎక్కించాలి. నడుమ ఒక్కటి చెడినా ఆ తరువాతి రోజుల సమాచారాన్ని నమ్మడానికి వీలుండదు.

చిన్న కార్యాలయాలకు నకలు తీసే వీలు కల్పించినవి ఫ్లాపీలు, తరువాత సీడీలు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఆనాటి లెక్కల ఫైళ్లు చాలావరకు ఇమిడేవి. సీడీ దాదాపు 700 మెగాబైట్లు పట్టేది. సముద్రపు తేమకు ఇవి పాడవడం ఒక ఎత్తైతే, చెడకుండా మిగిలినవి కూడా చదవలేకపోవడం మరో ఎత్తు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రామాణిక సంకేతాలిచ్చే యూనికోడ్‌కు ముందు డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాలుగా కనిపిస్తాయి. తెలుగులో దాచుకున్నవారికి ఇది నిజమైన నష్టం.

1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్, పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతిని వివరిస్తూ పత్రం వెలువరించారు. ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకుండా చూడడమే దాని ఉద్దేశం. దాన్నే బ్యాకప్‌గా భావించడం ఈ చరిత్రలోని అతి పెద్ద అపార్థమని నా అభిప్రాయం. ఒకే సమాచారాన్ని రెండింటిలోనూ రాసే జంట డిస్కుల్లో ఒకదానిలో పొరపాటున చెరిపేసిన ఫైలు అదే క్షణంలో రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. 2012లో వచ్చిన గూగుల్ డ్రైవ్ వంటి సేవల్లోని సింక్ ఫోల్డరుకూ, అంటే కంప్యూటరులో చేసిన మార్పును ఇంటర్నెట్‌లోని ప్రతికీ చేర్చే ఫోల్డరుకూ, ఇదే వర్తిస్తుంది. చెత్తబుట్టలోనో పాత వెర్షన్లలోనో ఫైలు కొంతకాలం దొరుకుతుంది, ఆ గడువు దాటితే దొరకదు.

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వాడుకరుల ఉత్తరాలు, పలు డేటా సెంటర్లలో ఉన్న నకళ్లతో సహా, మాయమయ్యాయి. వాటిని గూగుల్ చివరకు టేపుల నుంచే రాబట్టింది. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇటువంటి వైరస్ కంప్యూటరుకు తగిలించి ఉన్న హార్డ్ డిస్కులోని ఫైళ్లకూ తాళం వేయగలదు కాబట్టి, నకలు తీసిన వెంటనే ఆ డిస్కును విడదీయడం తప్పనిసరి.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల నుంచి రేగిన మంటల్లో, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల వ్యవస్థ బయట ఎక్కడా నకలు లేక పూర్తిగా నశించింది. మరుసటి నెలలోనే విశాఖలో భారీ డేటా కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ ప్రకటించింది. అయితే నగరవాసులు తమ దూరపు ప్రతికి పక్కనున్న కేంద్రాన్ని ఎంచుకుంటే, ఒకే తుఫాను అసలునూ నకలునూ తాకే అవకాశం మిగిలే ఉంటుంది. తీరానికి దూరంగా ఉన్న హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2022 నుంచి పనిచేస్తున్నాయి. కరెంటు, ఇంటర్నెట్ లేని రోజుల కోసం మాత్రం నీరు చేరని ఎత్తులో, ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఒక హార్డ్ డిస్కు ఉండవలసిందే.