మెర్సీ కిల్లింగ్ సినిమా చూశాక నన్ను అడిగే ప్రశ్నలు: అపోహలు, వాస్తవాలు

వెన్నుపూస దెబ్బతిని మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. చీమకుర్తి క్వారీల్లో దెబ్బ తగిలినవాళ్లు, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పైనుంచి జారిపడ్డవాళ్లు, హైవే మీద బైకు యాక్సిడెంట్‌లో మెడ విరిగినవాళ్లు. మెడ కింద కదలిక లేని హీరో మెర్సీ కిల్లింగ్‌కు, అంటే బాధ నుంచి విముక్తికి తన ప్రాణం తీయించడానికి, కోర్టును అనుమతి అడిగే 'గుజారిష్' లాంటి సినిమా టీవీలో వచ్చినా, దాని ముక్క ఫోన్లలో తిరిగినా, ఆ వారమంతా నాకు ఒకటే ప్రశ్న. నేను చెప్పులేసుకుంటుంటే వెనకే వచ్చి, లోపలికి వినపడకుండా అడుగుతారు: "సార్, కోర్టుకు పోతే పర్మిషన్ ఇస్తారంట గదా?"

అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. నెలల తరబడి కంటినిండా నిద్రలేని తల్లి నోటి నుంచి వచ్చే మాట అది. నా కోపమంతా "మెర్సీ కిల్లింగ్‌కి సుప్రీంకోర్టు ఓకే" అని సగం వార్త పంపేవాళ్ల మీద.

అపోహ: కోర్టు అనుమతిస్తే డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయొచ్చు.

వాస్తవం: మన దేశంలో అది నేరం, ఏ కోర్టూ అనుమతించలేదు. 2010లో వచ్చిన 'గుజారిష్' కథలో కూడా కోర్టు హీరో అర్జీని కొట్టేస్తుంది. ఆ ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు. 'సలామ్ వెంకీ' సినిమాకు ఆధారమైన కుర్రాడు మన హైదరాబాద్‌వాడే, చదరంగం ఆటగాడు. కండరాల క్షీణత వ్యాధితో చివరి రోజుల్లో ఉండి, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానని అడిగాడు. 2004 డిసెంబరులో హైకోర్టు ఒప్పుకోలేదు. అవయవ దాన చట్టం ప్రకారం గుండె లాంటివి బ్రెయిన్ డెడ్ అని నిర్ధారించాకే తీయాలి.

మరి సుప్రీంకోర్టు చెప్పిందేమిటి? 2011లో, ఏళ్ల తరబడి అచేతనంగా పడి ఉన్న ముంబై నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులోనూ, 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పులోనూ చెప్పింది ఒకటే. కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటర్ లాంటి ప్రాణాధార చికిత్సను ఆపొచ్చు, లేదా మొదలుపెట్టకపోవచ్చు. అలాంటి స్థితి వస్తే ఈ చికిత్స వద్దని ముందే లివింగ్ విల్ రాసి పెట్టుకోవచ్చని 2018 తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం చాలు. చికిత్స ఆపడానికి మాత్రం ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. కూర్చుని మాట్లాడుతూ, అన్నం తింటూ, సొంతంగా ఊపిరి తీసుకుంటున్న మనిషికి ఇందులో ఏదీ వర్తించదు. ఆపడానికి అక్కడ వెంటిలేటరే లేదు.

అపోహ: మెడ కింద కదలిక లేనివాడు చావు కోరుకోవడం సహజం, ఇక మనం చేసేదేమీ లేదు.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ ప్రాణాలు తీసేది ఈ ఒక్క మాటే. వెన్నుపాము దెబ్బ తగిలి, మొదటి నెలలు గడిచి బయటపడ్డ మనిషి సరైన సంరక్షణ ఉంటే దశాబ్దాలు బతుకుతాడు. ప్రాణం తీసేవి పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము. మూడింటినీ చాలావరకు ఇంట్లోనే అడ్డుకోవచ్చు. "వాడే వద్దంటున్నాడు, ఎందుకు బాధపెట్టడం" అనుకున్న ఇంట్లో రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఆగిపోతుంది. మూత్రం తక్కువ రావాలని నీళ్లు తగ్గిస్తారు. యూరిన్ పైపు మార్చరు. ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకుండానే మనిషి పోతాడు. తర్వాత "అదృష్టవంతుడు, విముక్తి దొరికింది" అంటారు.

బ్యారన్‌లో పడి మెడకు దెబ్బ తగిలిన ఒక కుర్రాడి ఇంటికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు అతను నాతో అన్న మొదటి మాట, "నన్ను చంపేయమని చెప్పు సార్ మావాళ్లకి." నడుం కింద అరచేయి పట్టేంత పుండు. ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఎలా తిప్పాలో, పైపు ఎప్పుడు మార్చాలో ఆ ఇంటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. పుండుకు చికిత్స జరిగి జ్వరం తగ్గాక, అందర్నీ బయటికి పంపి నిదానంగా అడిగాను, చావాలని ఎందుకు అనిపిస్తోందని. కాళ్ల గురించి ఒక్క మాట రాలేదు. "అమ్మ నా గుడ్డలు మారుస్తుంటే తల తీసేసినట్టుంటది సార్. నన్ను తిప్పలేక ఆమె నడుం పోతా ఉంది." ఇంకోటి కూడా చెప్పాడు. కాళ్లలో రాత్రంతా నిప్పులు పోసినట్టు మంట. స్పర్శే లేదన్నవాడికి మంటేమిటని ఇంట్లో నమ్మలేదు. ఆ మంట నిజం. దెబ్బతిన్న నరాల నుంచి వచ్చే నొప్పి అది, దానికి మందులున్నాయి, డాక్టర్‌కు చెబితే రాస్తారు.

ఆ తర్వాత జరిగినవన్నీ చిన్న పనులు. ఎయిర్ బెడ్ తెచ్చారు. రోజూ ఒకే వేళకు మోషన్ అయ్యేలా అలవాటు చేశాం. బావమరిది తిప్పడం నేర్చుకున్నాడు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడతను వేలి కణుపుతో ఫోన్ నడుపుతాడు. పొగాకు వేలం కేంద్రంలో ఆ రోజు ధర ఎంత పలికిందో ఊళ్లోవాళ్లు అతన్నే అడుగుతారు. బాగుండని రోజులు ఇప్పటికీ ఉన్నాయి. చంపేయమని మాత్రం అడగడం లేదు.

స్పెయిన్‌లో రామోన్ సాంపెద్రో అనే ఆయన 1968లో సముద్రంలోకి దూకి మెడ విరగ్గొట్టుకున్నాడు. దాదాపు 30 ఏళ్లు మంచం మీదే ఉండి, చనిపోయే హక్కు కోసం కోర్టుల్లో పోరాడి 1998లో పోయాడు. ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. 2021లో ఆ దేశం చట్టమే చేసింది. ఆయన వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ ఇంటివాళ్లు కంటికి రెప్పలా చూసుకుంటుండగా, ఏళ్ల తరబడి ఆలోచించి ఆయన అడిగాడు. మనవాడు మూడో నెలలో, పుండుతో, జ్వరంతో, తల్లి ముందు సిగ్గుతో అడుగుతున్నాడు. రెండూ ఒకటే అడగడం కాదు. ముందు పుండు మాననివ్వండి, నొప్పి తగ్గనివ్వండి, డిప్రెషన్‌కు వైద్యం చేయించండి. ఆ తర్వాత మళ్లీ అడగండి.

వెల్లూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ ఉండేది. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ మొదలైన పునరావాస కేంద్రం ఆమె చలవే. నెల్లూరు నుంచి గూడూరు, రేణిగుంట మీదుగా వెల్లూరు పక్కనున్న కాట్పాడికి రైలుంది. వెళ్లగలిగినవాళ్లు ఒక్కసారైనా వెళ్లి రండి. పేషెంటుతో పాటు చూసుకునే మనిషికి కూడా నేర్పిస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మెడ దెబ్బ తగిలిన ప్రతివాడికీ జీవితాంతం వెంటిలేటర్ కావాలన్నది అబద్ధం. ఊపిరి కండరానికి వెళ్లే నరం మెడలో 3, 4, 5 స్థాయిల్లో పుడుతుంది. దెబ్బ అంతకంటే కింద ఉంటే చాలామంది సొంతంగానే ఊపిరి తీసుకుంటారు.

బోర్డులు ఒప్పుకున్నాక వెంటిలేటర్ తీయడానికి సంతకం పెట్టిన కొడుకు హంతకుడు కాడు. ఈ బాధ మోస్తూ తిరిగేవాళ్లు నాకు తెలుసు. చట్టం మీ పక్కనే ఉంది.

చనిపోవాలనిపిస్తోందని బయటికి చెబితే పోలీసు కేసవుతుందన్నది అబద్ధం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పేషెంటే కాదు, చూసుకునే అమ్మ కూడా చేయొచ్చు.

చివరగా పెన్షన్. దివ్యాంగుల పెన్షన్ 6,000 రూపాయలని అందరికీ తెలుసు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి రాష్ట్ర పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసాలో 15,000 ఇస్తున్నారు. సదరం కాగితాలు తీసుకుని సచివాలయంలో అడగండి. ఆ డబ్బుతో చూసుకోవడానికి సగం రోజుకు ఒక మనిషిని పెట్టుకుంటే, తల్లి మధ్యాహ్నం కాసేపు పడుకోగలుగుతుంది.