వెడల్పు మానిటర్, ఇరుకు కాక్‌పిట్

అల్ట్రావైడ్ మానిటర్ కొత్తగా కొని ఫ్లైట్ సిమ్యులేటర్ తెరిచినవాళ్ళు మొదట చేసే పని రిజల్యూషన్ మెనూలోకి వెళ్ళి అంకెలు మార్చడం. ఆ పని కాసేపు పక్కన పెట్టండి. సెస్నా 172 లాంటి పాతకాలపు డయళ్ళున్న విమానం ఎక్కి, పైలట్ సీటుకి ఎదురుగా ఉండే ఆటిట్యూడ్ ఇండికేటర్‌ని, అంటే సగం నీలం సగం గోధుమ రంగులో ఉండే గుండ్రటి డయల్‌ని, తెర మధ్యకి తెచ్చుకోండి. మామూలు స్కేలుతో దాన్ని తెర మీదే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి.

నిలువు 3 సెం.మీ., అడ్డం 4 సెం.మీ. వస్తే బొమ్మ సాగిపోతోందన్నమాట. సిమ్యులేటర్ 16:9 (వెడల్పు 16 పాళ్ళు, ఎత్తు 9 పాళ్ళు) బొమ్మ తయారుచేస్తోంది, దాన్ని ఎవరో లాగి 3440×1440 తెర నిండా పరుస్తున్నారు. 1440 ఎత్తున్న 16:9 బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్ళు. 3440ని 2560తో భాగిస్తే సుమారు 1.34. మూడు నాలుగైంది అందుకే. డయల్ గుండ్రంగానే ఉండి అక్షరాలు మసకగా ఉన్నా, తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చినా పిక్సెళ్ళ లెక్క ఎక్కడో తప్పింది. డయల్ గుండ్రంగా, స్పష్టంగా ఉండి కూడా కాక్‌పిట్ మొత్తం ముఖం మీదకి వచ్చినట్టు, ప్యానెల్‌లో సగం కూడా కనిపించనట్టు ఉంటే అసలు రిజల్యూషన్‌లో ఏ తప్పూ లేదు. తప్పు కోణంలో ఉంది. నేను చూసినంతలో ఎక్కువమందిని ఏడిపించేది ఈ మూడోదే. కానీ వాళ్ళు తిప్పే మీట మాత్రం మొదటిదానిది.

ముందు పిక్సెళ్ళ సంగతి చూద్దాం. పెట్టె మీద 21:9 అని ఉంటుంది గానీ ఆ లెక్క ఏ మానిటర్‌కీ కచ్చితంగా సరిపోదు. 21ని 9తో భాగిస్తే 2.33. 2560×1080 నిష్పత్తి 2.37, 3440×1440ది 2.39, 3840×1600ది 2.40. ఈ కొద్ది తేడాలతో నష్టమేమీ లేదు. 3440×1440 తెర మీద 2560×1080 పెట్టినా డయల్ కోలగా మారినట్టు కంటికి తెలియదు, కాకపోతే మసకబారుతుంది.

మెనూలో మన మానిటర్ అంకె కనిపించకపోవడం వేరే గొడవ. సిమ్యులేటర్‌కి ఆ జాబితా ఇచ్చేది విండోస్, విండోస్‌కి చెప్పేది మానిటర్. మానిటర్ తన వివరాలు చెప్పుకునే పద్ధతి పేరు ఈడీఐడీ. వీసా అనే ప్రమాణాల సంస్థ దాన్ని 1994లో తెచ్చింది (పాస్‌పోర్టు మీద వేసే వీసాకీ దీనికీ సంబంధం లేదు). మొత్తం 128 బైట్ల చిన్న పట్టిక. అందులో అడ్డంగా ఎన్ని పిక్సెళ్ళో రాయడానికి ఉన్న చోటు 12 బిట్లు. 12 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4095. అంటే 3440 హాయిగా పడుతుంది. 49 అంగుళాల 32:9 మానిటర్ల 5120 మాత్రం ఆ గడిలో పట్టనే పట్టదు. అందుకని ఆ మానిటర్లు తమ అసలు కొలతని డిస్‌ప్లేఐడీ అనే అదనపు భాగంలో రాసుకుంటాయి. మధ్యలో పెట్టిన అడాప్టరో, రెండు కంప్యూటర్లకి ఒకే మానిటర్ పంచే స్విచ్చో ఆ భాగాన్ని సరిగా అందించకపోతే 5120×1440 మెనూలోకి రాదు. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా రాదు. అడాప్టర్ తీసేసి నేరుగా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెడితే వచ్చేస్తుంది.

కేబుల్‌కి కూడా మోసే శక్తి ఇంత అని ఉంటుంది. 3440×1440 అంటే 49,53,600 పిక్సెళ్ళు. ఒక్కోదానికి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు పంపాలంటే సుమారు 7.1 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 1.4 బొమ్మ కోసం మోయగలిగింది 8.16, కాబట్టి ఎలాగో గట్టెక్కుతుంది. 100 హెర్ట్జ్, అంటే సెకనుకి 100 సార్లు, కావాలంటే 11.9 అవుతుంది, అది దాని వల్ల కాదు. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 14.4, డిస్‌ప్లేపోర్ట్ 1.2 అయితే 17.28 మోస్తాయి. పాత కేబులూ పాత పోర్టూ ఉన్నచోట 100 హెర్ట్జ్ కనిపించకపోవడం సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. విండోస్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అనే పేజీ ఉంది. అక్కడ డెస్క్‌టాప్ మోడ్ ఒకటి, మానిటర్‌కి నిజంగా వెళుతున్న సిగ్నల్ ఒకటి విడివిడిగా రాసి ఉంటాయి. రెండూ ఒకటే కాకపోతే మధ్యలో ఎవరో బొమ్మ సైజు మారుస్తున్నారని అర్థం. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్లో స్కేలింగ్‌ని 'ఆస్పెక్ట్ రేషియో' మీద పెడితే కనీసం సాగదీయడం ఆగుతుంది.

విండోస్ చేసే ఇంకో చిత్రం ఉంది. అక్షరాలు పెద్దగా కనపడాలని డిస్‌ప్లే స్కేల్ 125 శాతం పెట్టుకుంటాం. దీన్ని అర్థం చేసుకోలేని పాత ప్రోగ్రాములకి విండోస్ తెర సైజు తగ్గించి చెబుతుంది. 3440×1440 కాస్తా 2752×1152 అవుతుంది. మెనూలో ఇలాంటి అంకె కనిపిస్తే సిమ్యులేటర్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి, హై డీపీఐ స్కేలింగ్ పనిని 'అప్లికేషన్'కి అప్పగించాలి.

ఇక అసలు విషయం. సిమ్యులేటర్‌కి మానిటర్ అంటే ఒక కిటికీ. మన కన్ను ఫలానా చోట ఉందనుకుని, ఆ కిటికీ అద్దం మీద బయటి ప్రపంచం ఎలా పడుతుందో లెక్కేసి గీస్తుంది. కిటికీ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా కన్ను ఎన్ని డిగ్రీలు చూస్తోందన్నదే ఫీల్డ్ ఆఫ్ వ్యూ. కొన్ని సిమ్యులేటర్లు అడ్డం కోణాన్ని పట్టుకుని కూర్చుంటాయి, తెర ఆకారాన్ని బట్టి నిలువు కోణాన్ని మారుస్తాయి. మామూలు 16:9 తెర మీద అడ్డం 60 డిగ్రీలైతే నిలువు 36 డిగ్రీలు. అదే 60ని 3440×1440 మీద ఉంచితే నిలువు 27కి పడిపోతుంది. 32:9 మీదైతే 18. ప్రపంచం పక్కలకి పెరగలేదు, పైనా కిందా కోసుకుపోయింది. డబ్బు పెట్టి పెద్ద తెర కొంటే మునుపటికన్నా తక్కువ కనిపించడం వెనక ఉన్నది ఈ లెక్కే.

2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో ఈ జబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికి చాలా ఇళ్ళలో ఉన్నవి 4:3 మానిటర్లే. దాని మందు మెనూలో లేదు, ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైల్లో ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, డిస్‌ప్లే అనే విభాగంలో వైడ్‌వ్యూఆస్పెక్ట్ అనే మాటకి ఎదురుగా ఫాల్స్ తీసి ట్రూ అని రాస్తే నిలువు కోణం నిలబడి అడ్డం కోణం పెరుగుతుంది. అదే ఫైల్లో గ్రాఫిక్స్ కార్డు పేరుతో ఇంకో విభాగం, దాని కింద మోడ్ అని రిజల్యూషన్ ఉంటాయి. కార్డు మార్చినప్పుడు కొత్త పేరుతో కొత్త విభాగం పుడుతుంది, పాత అంకె పాతదాని కిందే ఉండిపోతుంది. మార్చేముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. మరీ చెడితే ఫైలు తీసేయండి, సిమ్యులేటర్ మొదటి సెట్టింగులతో కొత్తది రాసుకుంటుంది. ఆ కాలపు 2డి ప్యానెళ్ళు, అంటే తెర మీద అతికించినట్టుండే చదునైన డయళ్ళ పలకలు, మాత్రం 4:3 కోసం గీసిన బొమ్మలు. అవి వెడల్పు తెర మీద కోలగానే ఉంటాయి, ఈ మందు వాటికి పనిచేయదు. తల తిప్పి చూడగలిగే 3డి కాక్‌పిట్‌లోకి, అంటే వర్చువల్ కాక్‌పిట్‌లోకి, మారిపోవడమే మేలు.

ఎక్స్-ప్లేన్‌లో అడ్డం కోణాన్ని డిగ్రీల్లో నేరుగా పెట్టుకోవచ్చు, లాటరల్ ఫీల్డ్ ఆఫ్ వ్యూ పేరుతో. పాత 16:9లో 60తో అలవాటుపడ్డవాళ్ళు నిలువు అంతే ఉండాలనుకుంటే 3440×1440 మీద 75 లేదా 76, 32:9 మీద 98 పెట్టాలి. 60 నుంచి 98కి ఎందుకు, తెర వెడల్పు రెట్టింపైతే 120 కావాలి కదా అనిపిస్తుంది. కిటికీ అద్దం సమతలం కాబట్టి వెడల్పు కోణంతో పాటు పెరగదు, సగం కోణం టాంజెంట్‌తో పెరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన ట్రిగనామెట్రీ ఇక్కడ పనికొస్తోంది.

ఆ టాంజెంట్ ఊరికే వదలదు. కోణం పెరిగేకొద్దీ తెర అంచుల్లో ఉన్న వస్తువులు అడ్డంగా సాగుతాయి. అడ్డం కోణం 60 ఉన్నప్పుడు మధ్యలో కంటే అంచులో సాగుడు 1.33 రెట్లు, 76 దగ్గర 1.6, 98 దగ్గర 2.33. పక్క ఇంజను పీపాలా ఉబ్బిందనో, తల తిప్పితే కొండలు కరిగి పారుతున్నాయనో చెప్పేవాళ్ళు చూస్తున్నది దీన్నే. రిజల్యూషన్ మారిస్తే ఇది పోదు. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్లో లెన్స్ కరెక్షన్ అనే ఆప్షన్ ఉంది, అది కొంత సర్దుతుంది. నిజానికి కన్ను ఆ లెక్క అనుకున్న చోటే ఉంటే సాగుడు కనిపించదు, ఎందుకంటే అంచుని మనం కూడా ఏటవాలుగానే చూస్తాం. చిక్కు ఎక్కడంటే, లెక్క అనుకున్నంత దగ్గరగా మనం కూర్చోం.

మరి లెక్క ప్రకారం ఎంత పెట్టాలి? టేపు తీసుకోండి. తెర వెడల్పులో సగాన్ని కంటికీ తెరకీ మధ్య దూరంతో భాగించి, ఫోన్ క్యాలిక్యులేటర్లో ఇన్వర్స్ టాన్ నొక్కి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. 34 అంగుళాల అల్ట్రావైడ్ వెడల్పు సుమారు 80 సెం.మీ. 70 సెం.మీ. దూరంలో కూర్చుంటే 59 లేదా 60 డిగ్రీలు. 49 అంగుళాలదైతే వెడల్పు దాదాపు 120 సెం.మీ., కోణం 81. ఇంతకంటే ఎక్కువ పెడితే అంచులు సాగడమే కాదు, మధ్యలోవన్నీ చిన్నబోతాయి. 49 అంగుళాల తెర మీద 98 పెట్టినవాళ్ళకి రన్‌వే ఉండాల్సిన సైజులో నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. ఇంకా దూరంగా ఉందనుకుని ఫ్లేర్ (దిగే ముందు విమానం ముక్కు కొద్దిగా పైకెత్తడం) ఆలస్యం చేస్తారు, చక్రాలు దభీమని తగులుతాయి. తప్పు తమ చేతిదనుకుంటారు.

మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కాక్‌పిట్ జూమ్‌ని డిగ్రీల్లో చూపించరు, కెమెరా సెట్టింగుల్లో ఒక స్లైడర్ ఉంటుంది అంతే. అక్కడ మళ్ళీ స్కేలు తీయాలి. చిన్న విమానాల్లో గుండ్రటి డయళ్ళు 3⅛ అంగుళాల రంధ్రంలో కూర్చునేలా తయారవుతాయి, అంటే దాదాపు 8 సెం.మీ. నిజం విమానంలో పైలట్ కంటికీ ప్యానెల్‌కీ మధ్య దూరం సుమారుగా మన బల్ల దగ్గర మానిటర్ దూరమే. కాబట్టి తెర మీద ఆ డయల్ 8 సెం.మీ.కి దగ్గర్లో ఉంటే మన జూమ్ అసలు విమానానికి దగ్గర్లో ఉన్నట్టు. చాలామంది తెరల మీద అందులో సగమే ఉంటుంది.

అలాగని 60 డిగ్రీలు పెట్టి మడికట్టుకుని కూర్చోమని చెప్పను. 34 అంగుళాల తెర మీద అలా పెడితే ప్యానెల్ కింది భాగం కనిపించదు, పక్కకి రన్‌వే చూద్దామంటే ప్రతిసారీ తల తిప్పే మీట వెతుక్కోవాలి. తల కదలికని పట్టే పరికరం ఉన్నవాళ్ళు 60, 65 దగ్గర ఆగొచ్చు. లేనివాళ్ళకి 70 నుంచి 75 మంచి రాజీ. మైక్రోసాఫ్ట్‌దాంట్లో అయితే రెండు చూపులు తయారుచేసుకుని కంట్రోల్, ఆల్ట్‌తో పాటు ఒక అంకె నొక్కి దాచుకోవచ్చు, తర్వాత ఆల్ట్, అంకె నొక్కితే ఆ చూపు వస్తుంది. ప్రయాణానికి వెడల్పుది, దిగడానికి దగ్గరది.

వేగం విషయం ఒక్క మాట. 5120×1440 అంటే సరిగ్గా రెండు 2560×1440 తెరలు, కార్డుకి పని కూడా అంతే పెరుగుతుంది. సెకనుకి వచ్చే ఫ్రేములు తగ్గితే రిజల్యూషన్ తగ్గించొద్దు, రెండర్ స్కేలింగ్ (సిమ్యులేటర్ లోపల గీసే బొమ్మ సైజు) తగ్గించండి. 80 శాతం పెడితే గీసే పిక్సెళ్ళు 64 శాతానికి తగ్గుతాయి, మెనూ అక్షరాలు మాత్రం స్పష్టంగానే ఉంటాయి.

32:9 వాళ్ళకి ఇంకో దారి ఉంది. రెండు కేబుళ్ళు పెట్టి మానిటర్‌ని పిక్చర్-బై-పిక్చర్‌లోకి మారిస్తే కంప్యూటర్‌కి అది రెండు 2560×1440 మానిటర్లుగా కనిపిస్తుంది. ఎక్స్-ప్లేన్‌లో ఒక్కోదానికి వేరే కోణం, వేరే మళ్ళింపు (చూపు ఎటు ఎంత తిరగాలన్నది) ఇవ్వొచ్చు, కాబట్టి అంచుల సాగుడు బాగా తగ్గుతుంది. అయితే రెండు బొమ్మలూ కలిసే అతుకు సరిగ్గా తెర మధ్యలో పడుతుంది, అక్కడ గీతలు కొద్దిగా విరిగినట్టు కనిపిస్తాయి. దిగేటప్పుడు రన్‌వే మధ్య గీత ఉండేది కూడా అక్కడే. నేనైతే ఒకే బొమ్మ ఉంచుకుని, కోణం 85కి తగ్గించి, కుర్చీ ఒక జానెడు ముందుకి జరుపుకోమంటాను.