రాజద్రోహం: పేరు పోయింది, శిక్ష పెరిగింది

1860లో బ్రిటిష్ వాళ్లు భారత శిక్షాస్మృతి (ఐపీసీ) తెచ్చినప్పుడు అందులో రాజద్రోహం సెక్షన్ లేదు. పదేళ్లు పోయాక, 1870లో, 124ఏగా చేర్చారు. ప్రభుత్వం మీద జనానికి అయిష్టం కలిగించడమే నేరమట! తిలక్‌నూ గాంధీనీ జైల్లో పెట్టింది దీని కిందే. ‘స్వరాజ్య’ పత్రికలో తిరునెల్వేలి కాల్పులను దుయ్యబట్టినందుకు 1908లో మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుకూ ఇదే సెక్షన్ పెట్టారు.

తెల్లవాళ్లతో పాటే ఇదీ పోవాల్సింది. రాజ్యాంగ సభలో కె.ఎం. మున్షీ చొరవతో, వాక్ స్వాతంత్ర్యానికి పెట్టే పరిమితుల్లోంచి ‘రాజద్రోహం’ మాట తీసేశారు కూడా. ఐపీసీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 1950లో ‘క్రాస్ రోడ్స్’ పత్రికపై శాంతిభద్రతల పేరుతో మద్రాసు ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏడాది తిరిగేసరికి రాజ్యాంగానికి తొలి సవరణ వచ్చి, పరిమితుల్లో శాంతిభద్రతలూ చేరాయి. తెచ్చింది 124ఏని పార్లమెంటులోనే ఈసడించిన నెహ్రూ! పరిమితులు సమంజసంగా ఉండాలన్న షరతూ అప్పుడే పెట్టారు, అది వేరే సంగతి.

1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఉంచుతూనే దాని కోరలు కొంత తీసింది. హింసకు పురిగొల్పే, శాంతిభద్రతలను చెడగొట్టే మాటలైతేనే నేరమంది. కానీ ఆ వివరణ తీర్పులో ఉంది, సెక్షన్‌లో లేదు. ఎఫ్‌ఐఆర్ రాసే ఎస్సై చూసేది సెక్షనే. పైగా 1973 నాటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ), ఈ నేరానికి వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చంది. బ్రిటిష్ హయాంలో పోలీసులకు ఆ వీలు లేదు. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజు నినాదాలు చేశారని కేసు పెట్టిన ఇద్దరు ఉద్యోగులను సుప్రీంకోర్టు 1995లో గానీ నిర్దోషులుగా తేల్చలేదు.

2022 మే 11న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ బెంచ్ 124ఏని కొట్టేయలేదు గానీ, దాని అమలును తాత్కాలికంగా ఆపింది. 2024 జులై 1న ఐపీసీయే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ‘రాజద్రోహం’ మాట లేదు. 152వ సెక్షన్ ఉంది: దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ముప్పు తెచ్చే మాటలూ చేతలూ నేరం. యావజ్జీవం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది కాకపోతే వేసే జైలు మాత్రం మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగింది. 124ఏపై కోర్టుకెళ్లిన రిటైర్డ్ మేజర్ జనరల్ వొంబత్కెరేనే ఇప్పుడు 152నూ సవాలు చేశారు.