నల్లజాతి ఇళ్లలో పెళ్లిళ్లు ఎప్పుడు తగ్గాయి?

"అమెరికాలో నల్లవాళ్లకి పెళ్లన్నా కాపురమన్నా పట్టింపు ఉండదు, వాళ్ల కల్చరే అంత" అనే మాట అక్కడి మన తెలుగువాళ్ల నోట కూడా వినిపిస్తుంటుంది. విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. చరిత్ర చూస్తే కథ వేరు.

బానిసత్వంలో వాళ్ల పెళ్లికి చట్టం దృష్టిలో విలువే లేదు. యజమాని భర్తని ఒకరికి, భార్యని మరొకరికి అమ్మేయొచ్చు. 1865లో విముక్తి వచ్చింది. మరుసటి ఏడాది, మాజీ బానిస దంపతులు తమ కాపురాన్ని నమోదు చేసుకోవాలని నార్త్ కరోలినా చట్టం చేసింది. రుసుము 25 సెంట్లు. అప్పుడే సంకెళ్లు తెగిన మనుషులకి అదీ బరువే. అయినా వేల జంటలు కౌంటీ గుమాస్తా ముందుకొచ్చి, ఎన్నేళ్లుగా కలిసి ఉంటున్నారో చెప్పి రాయించుకున్నాయి. ఇంకెందరో తప్పిపోయిన వాళ్ల కోసం పత్రికల్లో ప్రకటనలు వేయించారు: అమ్మ పేరు ఇది, ఆఖరిసారి ఫలానా చోట చూశాను, ఫలానా ఆయన కొనుక్కుపోయాడు.

20వ శతాబ్దం మధ్య దాకా నల్లజాతి స్త్రీలకి తెల్లవాళ్లకంటే చిన్న వయసులోనే పెళ్లయ్యేది. తేడా పెరిగింది 1960ల తర్వాతే. 2012 నాటికి నలభైల మొదట్లో ఉన్న తెల్లజాతి స్త్రీలలో పదికి దాదాపు తొమ్మిదిమందికి ఒక్కసారైనా పెళ్లయింది. నల్లజాతిలో మూడింట రెండు వంతులమందికి కూడా కాలేదు. పెళ్లయినవాళ్లలో విడాకులూ ఎక్కువే.

మధ్యలో ఏం జరిగింది? షికాగో, డెట్రాయిట్ లాంటి నగరాల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నిలకడైన జీతమున్న మగవాళ్లు తగ్గితే పెళ్లిళ్లూ తగ్గుతాయని సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో వాదించారు. దానికి జైళ్లు తోడయ్యాయి. 1970ల మొదట్లో మూడు లక్షల పైచిలుకు ఉన్న ఖైదీలు 2008 నాటికి 23 లక్షలయ్యారు. వాళ్లలో నల్లజాతి మగవాళ్లు జనాభాలో తమ వాటాకి మించి ఉన్నారు. ఉద్యోగం ఒక్కటే కారణం కాదు, చదువుకుని స్థిరపడ్డవాళ్లలోనూ కొంత తేడా ఉంది. తరతరాలుగా ఆస్తి లేకపోవడం అక్కడ లెక్కలోకి వస్తుంది. సైన్యంలో మాత్రం జీతం, ఇల్లు, వైద్యం అందరికీ ఒకేలా దొరుకుతాయి. అక్కడ పెళ్లిళ్లలో జాతుల తేడా బాగా తగ్గిపోయిందని పరిశోధకులు గమనించారు.

పెళ్లి లేనిచోట తండ్రి పిల్లల్ని వదిలేస్తాడనుకోవడమూ పొరపాటే. 2013లో వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య సర్వే నివేదిక ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రుల్లో 70 శాతం మంది రోజూ వాళ్లకి స్నానం చేయించడం, బట్టలు తొడగడం లాంటి పనులు చేస్తున్నారు. తెల్లజాతి తండ్రుల్లో అది 60 శాతం.