నూకలు, ఓడలు

చిత్తూరు

చిన్నమ్మీ, కార్తీక్,

మొన్న ఫోన్లో మీరడిగినదానికి సగమే జవాబు చెప్పినాను. "2023లో డల్లాస్ అత్తకు సోనామసూరి దొరకలేదంట, మన అంగళ్లలో మాత్రం మూటలు మూటలుగా ఉండిందే, అదెట్ల తాతా?" అన్నారు. బియ్యం మండీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసినవాణ్ని, మిగతా సగం చెప్పకుంటే నాకే నిద్ర పట్టదు.

2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. ఇక్కడ బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని చెప్పింది. ఎల్ నినో వచ్చి వానలు తగ్గుతాయన్న భయం ఒకటి. మరుసటేడు ఎన్నికలు కూడా ఉండినాయి, ఆ ముక్క నేను కలుపుతున్నా. వార్త తెలిసిన వెంటనే అమెరికాలో మనోళ్లు కొట్ల ముందు క్యూ కట్టినారు. చాలా చోట్ల ఇంటికొక మూటే ఇస్తామన్నారు. మీ అత్త పడింది టెన్షనే కానీ ఆకలి కాదు. ఆకలి భయం వేరేచోట ఉండింది.

ఎండాకాలంలో మన ఊరు గుర్తు తెచ్చుకోండి. బోర్లున్న ఇళ్లవాళ్లకు ట్యాంకర్‌తో పని లేదు. బోరు లేని ఇళ్లకే ట్యాంకర్లు. నీళ్లు తోలేవాళ్లలో అందరికన్నా పెద్దాయన "రేపట్నుంచి రాను" అన్నాడనుకోండి, మిగతావాళ్లు ఆ సాయంత్రమే రేటు పెంచుతారు. బియ్యం కూడా అంతే. ప్రపంచంలో ఏటా 50 కోట్ల టన్నులకు పైగా బియ్యం వస్తుంది, కానీ ఎక్కువభాగం పండిన దేశంలోనే తినేస్తారు. ఓడ ఎక్కేది పదో వంతు. ఆ పదో వంతులో సుమారు 40 శాతం మనదే. పెద్ద ట్యాంకర్ మనం. ఆపిన నెల తిరక్కుండానే, ఆగస్టులో, ప్రపంచ బియ్యం ధరలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయినాయి.

ఇది కొత్త కాదు. 2007 చివర్లో మనం ఆపితే, వియత్నాం కూడా ఆపింది. 2008లో థాయ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. ఆ ఏడు తిండి ధరల మీద హైతీలో అల్లర్లు జరిగి, ప్రధానమంత్రి పదవే పోయింది.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది నూకల సంగతి. కోళ్లదాణా ధర పెరిగిందని 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి ఆపినారు. మనకు నూకలంటే కోళ్లకు, సంగటికి. పశ్చిమాఫ్రికాలో సెనెగల్‌లో మాత్రం ఏరికోరి నూకలే వండుకుంటారు. ఫ్రెంచివాళ్ల పాలనలో ఇండోచైనా నుంచి, అంటే ఇప్పటి వియత్నాం వైపు నుంచి, వచ్చి పడిన నూకలు అక్కడ రుచిగా స్థిరపడిపోయినాయి. "నూకలు చెల్లినాయి" అని మనం ఊరికే అంటుంటాం, వాళ్లకది ఉత్త మాట కాదు.

తప్పంతా ప్రభుత్వానిదే అనను. 1965-66 కరువులో అమెరికా గోధుమల ఓడ కోసం ఎదురుచూసినాం. నాకప్పుడు పదమూడేళ్లు. ఆ భయం మా తరానికి ఇంకా పోలేదు. ముందు సొంత పొయ్యి చూసుకోవాలనుకోవడం న్యాయమే. నా అభ్యంతరం ఆ హఠాత్తు మీద. పొద్దున బేరం కుదిరిన సరుకు సాయంత్రానికి కదలకూడదంటే మండీ ఏం చేస్తుంది? పైగా బయట బియ్యం బంగారమవుతున్నప్పుడు ఇక్కడ మడి చేసినవాడికి ఆ ధర అందలేదు. చవకబియ్యం ఖర్చు వాడి నెత్తిన పడింది. ఈ లెక్క ఏ రసీదులోనూ కనిపించదు.

2024 సెప్టెంబర్ 28న మళ్లీ వాకిలి తెరిచినారు. మన సరుకు ఒక్కసారిగా బయటికి పోయేసరికి ధరలు పడిపోయి, ఈసారి థాయ్, వియత్నాం రైతులు గొల్లుమన్నారు.

ఇంకా రాద్దునుగానీ మీ అవ్వ సంగటికి ఎసరు పెట్టి, డబ్బాలో నూకలు అయిపోయినాయని కేక వేస్తోంది. అంగడికి పోయొస్తా.

మీ తాత