వంద గంటల సర్టిఫికెట్‌తో సీటు రాదు: స్కూల్ సేవా క్లబ్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఏరియాలో, ఒక స్కూల్లో ఇంటరాక్ట్ క్లబ్ (రోటరీ వాళ్లు స్కూలు పిల్లల కోసం పెట్టిన సేవా క్లబ్) బాధ్యత నాది. ఫిబ్రవరి వచ్చిందంటే తల్లిదండ్రుల నుంచి ఒకటే ఫోన్లు. "మేడం, మావాడికి సేవా గంటలు నలభయ్యే పడ్డాయట. వంద వేసి సర్టిఫికెట్ ఇప్పించండి, సీటుకి పనికొస్తుందంట."

అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్ చూసి, పిల్లాడు వెనకబడిపోతున్నాడేమో అని రాత్రంతా టెన్షన్ పడినవాళ్లు వాళ్లు. కోపమల్లా ఆ పుకారు పుట్టించేవాళ్ల మీద. సేవా గంటల పేరుతో ప్యాకేజీలు అమ్మేవాళ్లు కూడా బయల్దేరారు. ఒక తండ్రి అలా రెండు రోజుల కార్యక్రమానికి డబ్బు కట్టి, ఇచ్చిన కాగితాన్ని లామినేట్ చేయించి మరీ నా దగ్గరికి తెచ్చారు. దాంతో ఏ సీటూ రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను.

ఇక్కడా చెబుతున్నాను. జేఈఈలో సేవకు మార్కులు లేవు. నీట్‌లో లేవు. కర్ణాటకలో ఇంజనీరింగ్ ర్యాంకుకి సీఈటీ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) మార్కులు సగం, పీయూసీ (మన ఇంటర్) మార్కులు సగం లెక్కేస్తారు. తమిళనాడులో ప్లస్ టూ మార్కులే ఆధారం. ఎన్‌సీసీకి, ఆటలకి కోటాలు ఉన్న మాట నిజమే కానీ, స్కూల్ సేవా క్లబ్ ఆ లెక్కలోకి రాదు.

"మేము అమెరికా పంపిద్దామనుకుంటున్నాం కదా మేడం" అంటారు. అక్కడ చాలా యూనివర్సిటీలకు ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు అయిన కామన్ యాప్‌లోనే అప్లై చేస్తారు. అందులో పది యాక్టివిటీల వరకు రాసుకోవచ్చు, ఒక్కోదాని వివరణ 150 అక్షరాలు దాటకూడదు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది పిల్లలే నింపుతారు. వంద గంటలు ఉన్నా, ఆ 150 అక్షరాల్లో రాసుకోవడానికి ఒక పని ఉండాలి కదా.

మా క్లబ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు శనివారాలు దగ్గర్లోని ప్రభుత్వ కన్నడ బడికి వెళ్లేవాడు. అపార్ట్‌మెంట్ పనులకు పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు అక్కడ చదువుతారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో పాఠాలు కన్నడ. వీడు కన్నడ కథ చదివి తెలుగులో చెప్పేవాడు, ఒక పాప మళ్లీ తన మాటల్లో అప్పజెప్పేది. దసరా సెలవుల తర్వాత వెళ్లేసరికి పుస్తకం పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. "అన్నా, ఇయ్యాల ఇంకో కథ చెప్తవా?" అంది. బిల్డింగ్ పని అయిపోయి ఆ కుటుంబం వేరే సైటుకి మారినప్పుడు, అక్కడికి దగ్గర్లో ఏ బడి ఉందో వీడే కనుక్కుని పాప నాన్నకి ఫోన్ చేశాడు. టీసీ ఆలస్యమైనా చేర్చుకోవాల్సిందేనని విద్యా హక్కు చట్టంలో ఉందని కూడా చెప్పాడు. రిజిస్టర్‌లో వాడి గంటలు తక్కువే.

క్లబ్ కోసం తినుబండారాల స్టాల్ పెట్టి పోగుచేసే నిధుల సంగతికొస్తే, టార్గెట్ క్లబ్‌ది, పిల్లలది కాదు. పిల్ల పేరు వెనకబడకూడదని స్టాల్లో మిగిలిన పునుగులన్నీ అమ్మే కొనేస్తే పిల్ల నేర్చుకునేదేమీ ఉండదు. మా ట్రెజరర్ ఎనిమిదో తరగతి. లెక్కలో నలభై రూపాయలు తేలకపోతే స్టీలు డబ్బా బోర్లించి, చిల్లర దొంతరలుగా పేర్చి, పిండికీ నూనెకీ రాసిన చీటీలన్నీ మళ్లీ కూడింది. గ్యాస్ పొయ్యి తెచ్చిన ఆటో తాలూకు మొత్తం రాయలేదని తేలింది. తేలేదాకా మా ఎవ్వరినీ ఇంటికి కదలనివ్వలేదు!

మిగతావి గబగబా చెప్పేస్తాను. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం అడిగే 80జి రసీదు ఇవ్వడం మా క్లబ్ వల్ల కాదు, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టే ఇవ్వాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకీ, వస్తురూపంలో ఇచ్చినవాటికీ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకైతే 80జి అసలు వర్తించదు. చిరిగిన బట్టలు పంపకండి, వాటిని ఏరి పారేయడానికే పిల్లలకు ఒక పూట పోతుంది. రక్తదాన శిబిరంలో పిల్లల దగ్గర రక్తం తీసుకుంటారని భయపడకండి. 18 ఏళ్లు నిండనివాళ్ల దగ్గర తీసుకోరు, మా పిల్లలు పేర్లు రాసుకుని జ్యూస్ అందిస్తారు.

ఫోటోల విషయంలో మాత్రం నేను వినను. బాలల సంరక్షణ గృహాల్లోని పిల్లల ముఖం, పేరు బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కేకు కోసిన ఫోటో స్టేటస్‌లో పెట్టేసి, "మంచి పనే కదా మేడం" అంటే కుదరదు.

చివరగా అమెరికా మావయ్యలు, బాబాయిలు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. కాబట్టి డబ్బు పంపమని వాళ్లకు చెప్పేముందు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడిగి నాకు చెప్పండి.